డ్రైవరు వెనక సీటు

ఎలోదియా పేరెత్తితే మా ఊరు సాన్ తదేయోలో ఎవరైనా ముందు నవ్వుతారు. రైలు పట్టాల దగ్గర ఆవిడ చేసే తంతు అలాంటిది. రాగి గని మూతపడ్డాక ఆ పట్టాల మీద రైలన్నది రాలేదు. పట్టాల మధ్య ముళ్ళ చెట్లు నా భుజం ఎత్తు పెరిగాయి. అయినా బడి బస్సు పట్టాల ముందు ఆగాలి, తలుపు తెరవాలి, డ్రైవరు విని మరీ కదలాలి అని రూలు. రూలు కోసం ఆగడం వేరు, ఎలోదియా ఆగడం వేరు. బస్సు ఆపి కుడిచెయ్యి పైకెత్తేది. అంతే, ఐదేళ్ళ బుడతల నుంచి మీసాలొస్తున్న ఎనిమిదో తరగతి మొద్దబ్బాయిల దాకా అందరి నోళ్ళూ మూతపడేవి. ఆవిడ వినేది. విన్నాక చెయ్యి దించి, "ఏదీ రావడం లేదు, పదండి" అనేది. మళ్ళీ గోల మొదలయ్యేది.

ఆదివారం చర్చికి తన సొంత పికప్పు బండిలో వెళ్ళేటప్పుడు కూడా అదే వరస. అద్దం దించడం, చెయ్యెత్తడం, వినడం. పక్కన కూర్చుని నేను ఏడిపించేదాన్ని.

"ఏం కొమాద్రే, దయ్యాల రైలుకి టిక్కెట్టు కొన్నావా?"

"నోరు ముయ్యి లీచా. వింటున్నాను."

ఆవిడ కూతురు సెలీనాకి నేను జ్ఞానతల్లిని. బాప్తిస్మం రోజున పిల్లని ఎత్తుకున్నది నేనే. ఆ బంధంతో ఇద్దరాడవాళ్ళు కొమాద్రేలు అవుతారు, స్పానిష్ మాట్లాడే మాలో. తోబుట్టువు మీద కూడా లేని ఒక హక్కు దానితో వస్తుంది. మొహం మీదే తిట్టుకోవచ్చు, తిట్టుకుని అదే రోజు కలిసి తినచ్చు. నేను ఆ హక్కుని పూర్తిగా వాడుకున్నాను. ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, పట్టాలకి ఇవతలి వైపు. బడీ చర్చీ పట్టాలకి అవతల. ఆవిడ ఊరి పిల్లల్ని బడికి తెచ్చేది, నేను బడి వంటింట్లో వాళ్ళకి వండి పెట్టేదాన్ని. ఊళ్ళో ప్రతి పిల్లా మా ఇద్దరి చేతుల మీదుగానే పెరిగింది.

భర్త రమోన్ గని దుమ్ము పీల్చి పీల్చి చనిపోయిన ఏడాదే ఎలోదియా బస్సు నేర్చుకుంది. అంతకుముందు ఆవిడ ఇంటి గుమ్మం దాటి ఎరగదు. పరీక్షలో రెండుసార్లు తప్పింది. మూడోసారి పాసై వచ్చి, ఆ పసుపుపచ్చ బస్సుని తన ఇంటి ముందే నిలబెట్టి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. డ్రైవర్లు బస్సుని ఇంటి దగ్గరే ఉంచుకునేవాళ్ళు మా దగ్గర, ఎందుకంటే రూటు తెల్లారకముందే మొదలవుతుంది. పశువుల దొడ్ల దాకా, మట్టి రోడ్ల చివర్ల దాకా వెళ్ళి పిల్లల్ని ఏరుకు రావాలి. ఇన్నేళ్ళలో ఒక్క పిల్లని కూడా రోడ్డు మీద వదిలేసి రాలేదు. ఆలస్యమైన పిల్ల ఇంటి ముందు హారన్ కొట్టేది కాదు, దిగి వెళ్ళి తలుపు తట్టేది.

సెలీనా ఫీనిక్సులో ఒక గిడ్డంగిలో రాత్రి డ్యూటీలు చేస్తుంది. ఇంకో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉంటుంది. అందుకని దాని కూతురు యారెలి చిన్నప్పటి నుంచీ అమ్మమ్మ దగ్గరే. బస్సులో డ్రైవరు వెనక సీటు యారెలిది. ఆ సీటుకోసం పిల్లలు కొట్టుకు చచ్చేవాళ్ళు గానీ ఎలోదియా ఎవరికీ ఇవ్వలేదు. అక్కడ కూర్చుని ఆ పిల్ల అద్దంలో అమ్మమ్మ కళ్ళని చూస్తూ మొత్తం దారంతా వాగుతుండేది. ఎవరికి పన్ను ఊడింది, ఎవరి కుక్క ఈనింది, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారు, అన్నీ.

యారెలికి పదేళ్ళప్పుడు మూర్ఛ వచ్చింది. మొదటిసారి బడి ఆటస్థలంలో. రెండోసారి బస్సులోనే, ఇంటికి వస్తుండగా. నాకు పిల్లలు చెప్పారు తరవాత. ఎలోదియా బస్సు పక్కకి ఆపి, మనవరాల్ని సీట్ల మధ్య పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కింద తన స్వెట్టరు పెట్టి, కుడిచెయ్యి ఎత్తిందట. పిల్లలందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారట. ఆ పిల్ల కళ్ళు తెరిచేదాకా ఆ చెయ్యి దించలేదట.

టూసాన్‌లో పెద్ద డాక్టరు మందులు మార్చి మార్చి చూడాలన్నాడు. నిద్ర సరిపోవాలి, ఎండ తగలకూడదు, అలసిపోకూడదు, కుదురుకునేదాకా బడి వద్దన్నాడు. మా బడికి నర్సు వారానికి ఒక్కరోజే వస్తుంది, పక్క ఊళ్ళకి కూడా ఆవిడే. ప్రిన్సిపాలు పాపం ఏం చేస్తాడు.

"మళ్ళీ ఎప్పుడు వెళ్తాను?" అని అడిగింది యారెలి.

"నీ ఒళ్ళు కుదురుకోగానే. నీ సీటు ఎవ్వరికీ ఇవ్వను. నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టుకోవడం మాలో చిన్న విషయం కాదు. పైగా పెట్టుకున్నది ఎలోదియా.

సర్కారు డబ్బు సంగతి ఆవిడకి ఆస్పత్రి వరండాలో ఎవరో తల్లి చెప్పింది. మా రాష్ట్రంలో, అంటే అరిజోనాలో, పిల్ల ఊరి బడికి వెళ్ళకపోతే, బడిలో ఆ పిల్ల మీద పెట్టే డబ్బులో చాలా భాగం ఆ పిల్ల పేరున ఒక ఖాతాలో వేస్తారు. మూడు నెలలకోసారి వస్తుంది. చేతికివ్వరు. ఆ ఖాతాలోంచే కంప్యూటరు బడికి ఫీజు కట్టాలి, పుస్తకాలు కొనాలి, ట్యూషను పెట్టించాలి, దేనికి ఎంత పెట్టామో రసీదులు చూపించాలి. జబ్బు పిల్లలకి ఇంకాస్త ఎక్కువ ఇస్తారు. సర్కారే ఉచితంగా నడిపే కంప్యూటరు బడి కూడా ఒకటుంది, దానికి ఖాతా అక్కర్లేదు. కానీ అందులో వాళ్ళు చెప్పిన వేళకే తెర ముందు కూర్చోవాలి. మందు మత్తులో పొద్దెక్కేదాకా పడుకునే పిల్లకి అది కుదరలేదు. ఖాతాతో అయితే ప్రైవేటు కంప్యూటరు బడి, మన వేళకి మన చదువు, పైగా మాట తడబడుతోందని వారానికి రెండుసార్లు మాట నేర్పే టీచరు కూడా.

ఒక్కటే షరతు. రెండు చోట్లా పేరు ఉండకూడదు. ఊరి బడి నుంచి పేరు తీయించాలి, ఈ పిల్లని చదివించే బాధ్యత ఇక ఊరి బడికి లేదని ఒప్పుకోవాలి. ఎలోదియా ఫోనులో అన్నీ నొక్కుతుంటే భుజం మీంచి తొంగి చూశాను.

"ఇదేంటే, బడికి విడాకులిస్తున్నావా?"

"విడాకులేంటి నీ మొహం. జ్వరమొస్తే సెలవు పెట్టమూ? ఇదీ అంతే, కాస్త పొడుగు సెలవు. బడెక్కడికి పోతుంది?"

నేను కూడా అలాగే అనుకున్నాను. గని పోయింది, రైలు పోయింది, బ్యాంకు పోయింది, అయినా బడి పోతుందని మాలో ఎవరికీ తోచలేదు.

ఆ డబ్బు చెడ్డదని నేననను. నా నోటి దూల తెలిసినవాళ్ళు నేను ఆ మాట అంటానని చూస్తారు గానీ, నేననను. వంటింటి బల్ల మీద కంప్యూటరు వచ్చింది. ఎక్కడో ఉన్న టీచరు యారెలిని పేరు పెట్టి పలకరించేది. తడబడే మాట నెమ్మదిగా తిన్నబడింది. మూర్ఛలు తగ్గాయి. ఆ ఖాతా లేకపోతే ఎలోదియా జీతంతో అందులో సగం కూడా అయ్యేది కాదు.

కానీ రోజూ చీకట్లో బస్సు ఇంజను మొదలవగానే ఆ పిల్ల దుప్పటి కప్పుకుని కిటికీ దగ్గరకి వచ్చి నిలబడేది. పడుకోవే అంటే పడుకునేది కాదు. బస్సు ఎర్రలైట్లు మలుపు తిరిగాకే వెనక్కి వెళ్ళేది. సాయంత్రం ఎలోదియా రాగానే లెక్క అప్పజెప్పించుకునేది.

"నా సీట్లో ఎవరు కూర్చున్నారు?"

"ఎవరూ లేరు. నా భోజనం డబ్బా కూర్చుంది."

"పట్టాల దగ్గర ఎవరైనా మాట్లాడారా?"

"డార్లా వాళ్ళ చిన్నోడు తుమ్మాడు. మిగతా అందరూ వాణ్ణి చంపేసేలా చూశారు."

యారెలి పడీ పడీ నవ్వేది. తరవాత నా దగ్గరకి వచ్చి బడిలో ఏం వండావని అడిగేది. బీన్సు మిగిలితే తెచ్చిపెట్టేదాన్ని, ఇంట్లో అమ్మమ్మ వండిన బీన్సు పొయ్యి మీదే ఉన్నా సరే, బడివే తినేది.

ఇక్కడే ఎలోదియా ఒక పని చేసింది. బస్సు డ్రైవరు తప్ప ఇంకెవరూ చెయ్యని పని. పొద్దున్నే నిద్రకళ్ళతో బస్సెక్కి, అద్దానికి తల ఆనించి, నోరు తెరుచుకుని పడుకునే పిల్లల్ని ప్రిన్సిపాలు చూడడు, టీచర్లు చూడరు. వాళ్ళకి ముఖం కడుక్కుని కూర్చున్న పిల్లలే కనిపిస్తారు. ఎలోదియా ఒక్కతే ఆ చీకటి పిల్లల్ని చూసేది. రూటు చివర దొడ్డిలో ఉండే డార్లాకి ముగ్గురు మగపిల్లలు. ఒకరోజు బస్సు మెట్ల దగ్గర చిన్నవాణ్ణి ఎత్తుకొచ్చి కూర్చోబెడుతూ డార్లా, "వీడు బతుకులో సగం నీ బస్సులోనే గడిపేస్తున్నాడు" అంది. ఆవిడ మామూలుగానే అంది. ఎలోదియా మాత్రం ఆ సాయంత్రం పిల్లల్ని దించాక ఇంజను ఆపి, డార్లాని లోపలికి పిలిచి, డ్రైవరు వెనక సీట్లో కూర్చోబెట్టి, ఖాతా ఎలా తెరవాలో చూపించింది.

తల్లులు ప్రిన్సిపాలు మాట వింటారో లేదో గానీ బస్సు డ్రైవరు మాట వింటారు. రోజూ తమ పిల్లల్ని చేతిలో పెట్టేది ఆవిడకే కదా. డార్లా తరవాత ఇంకో ఇల్లు, దాని తరవాత మట్టి రోడ్డు మీది రెండిళ్ళు. ఏ కంప్యూటరు బడి మంచిది, ఏ రసీదు ఒప్పుకోరు, బొమ్మలు కొంటే ఎలా తిరగ్గొడతారు, అన్నీ ఎలోదియాకి కొట్టిన పిండి అయిపోయింది. యారెలి కోసం పడ్డ తిప్పలు ఇంకో తల్లి పడకూడదని ఆవిడ తాపత్రయం.

నేను తిట్టాను.

"పిల్లలు లేకపోతే నీ బస్సులో గాడిదల్ని తిప్పుతావా?"

"చీకట్లో ఎక్కిస్తుంటే ఏడుస్తారు లీచా. నువ్వు చూడవు. నేను రోజూ చూస్తాను."

"బడికి డబ్బు పిల్లల తలల్ని బట్టి వస్తుంది. నీకు తెలీదా?"

"నలుగురు పిల్లలు ఇంట్లో పడుకుంటే మునిగిపోయే బడా అది?"

అది అలాంటి బడే అయింది. ఖాతా తెరిచిన ప్రతి పిల్ల వెంటా ఆ పిల్ల పేరున బడికి వచ్చే డబ్బు కూడా వెళ్ళిపోయింది. ముందు నాకు సాయం చేసే అమ్మాయిని తీసేశారు. తరవాత సంగీతం పోయింది. ఆ తరవాత రెండేసి తరగతులకి ఒక్క టీచరు. ఒక్క టీచరైతే చదువేం వస్తుందని, దొడ్లలో ఉండేవాళ్ళే కాదు, బడి ఎదురుగా ఉండేవాళ్ళు కూడా పిల్లల్ని తీసేశారు. వాళ్ళకి ఎలోదియా చెప్పలేదు. అప్పటికి ఎవరూ చెప్పనక్కర్లేదు. నా పెద్ద బీన్సు గిన్నె పై అరలోకి ఎక్కింది, మళ్ళీ దిగలేదు.

వసంతంలో బడి మూసేయాలా వద్దా అని మీటింగు పెట్టారు. మా భోజనాల హాల్లోనే. అదే వారం టూసాన్ డాక్టరు యారెలిని చూసి, పిల్ల కుదురుకుంది, వేసవి తరవాత బడికి పంపచ్చు, బస్సులో అమ్మమ్మే ఉంటుంది కాబట్టి నాకు దిగులు లేదు అన్నాడు. ఎలోదియా ఆ సంతోషంతోనే మీటింగుకి వచ్చింది. చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుంది. యారెలిని నాకు అప్పజెప్పింది. మేమిద్దరం వంటింటి కిటికీలోంచి చూస్తున్నాం.

బడి బోర్డు పెద్ద విట్లాక్ పశువుల దాణా కొట్టు నడుపుతాడు. మంచివాడే. ఆయన్ని ఎలోదియానే బస్సెక్కించింది చిన్నప్పుడు.

ఎలోదియా లేచి మాట్లాడింది. బడి లేని ఊరు ఊరు కాదంది. పెద్ద ఊరి బడి కొండ కనుమ దాటి అవతల ఉంది, అంత దూరం పసిపిల్లల్ని పంపలేమంది. బాగా మాట్లాడింది. కొందరు తలలూపారు.

"నీ మనవరాలు ఎక్కడ చదువుతోంది ఎలోదియా?" అని అడిగాడు విట్లాక్. పొడవాలని అడగలేదు. ఏదైనా ఆశ దొరుకుతుందేమోనని అడిగాడు.

"ఇంట్లో. కంప్యూటర్లో. వేసవి అయ్యాక ఇక్కడికే వస్తుంది. డాక్టరు ఒప్పుకున్నాడు. నేను దానికి మాటిచ్చాను."

"సంతోషం. నిజంగా. ఇంకా ఎవరెవరు తిరిగి వస్తారు? వచ్చేవాళ్ళు ఉంటే చెప్పండి, ఇంకో ఏడాది ఎలాగో లాక్కొస్తాం."

ఎలోదియా వెనక్కి తిరిగి చూసింది. డార్లా ఉంది. మట్టి రోడ్డు తల్లులిద్దరూ ఉన్నారు. ఆవిడ తన వెనక సీట్లో కూర్చోబెట్టి నేర్పిన వాళ్ళందరూ ఉన్నారు. ఒక్కరూ చెయ్యెత్తలేదు. డార్లా నేల చూపులు చూస్తోంది. నా పక్కన యారెలి గట్టు మీద పెట్టిన తన చెయ్యి మెల్లగా ఎత్తింది. కిటికీకి ఇవతల ఉన్న పిల్ల చెయ్యి ఎవరికి కనిపిస్తుంది.

బయట డార్లా వచ్చి ఎలోదియా చెయ్యి పట్టుకుంది. ఏడుస్తోంది.

"మా వాళ్ళు ఇప్పుడు బాగా పడుకుంటున్నారు. చిన్నోడు లావయ్యాడు కూడా. నువ్వే కదా చెప్పావు ఎలోదియా."

"అవును. నేనే చెప్పాను," అంది ఎలోదియా. నాకైతే డార్లా జుట్టు పట్టుకోవాలనిపించింది. కానీ ఆవిడ చెప్పింది నిజమే కదా.

బడి మూసేశారు. వేసవిలో ఒక కుర్రాడు వచ్చి బస్సు తోలుకుపోయాడు. ఎలోదియా వాడికి బ్రేకు ఎలా తొక్కాలో, చలికాలం ఇంజను ఎలా బతిమాలుకోవాలో చెబుతూ దాని పక్కనే రోడ్డు దాకా నడిచింది. మిగిలిన కాసిని పిల్లల కోసం పెద్ద ఊరి నుంచి వేరే బస్సు వస్తుంది. దాన్ని తను నడుపుతానని ఆవిడ వెళ్ళి అడిగింది. మా డ్రైవర్లు మాకున్నారు అన్నారు వాళ్ళు. యారెలిని ఆ పెద్ద ఊరి బడికి పంపచ్చా అని డాక్టరుకి ఫోను చేసింది. నిద్ర చెడగొట్టుకుని అంత దారి, కనుమలో ఫోను అందదు, మూర్ఛ వస్తే చూసేవాళ్ళుండరు, వద్దు అన్నాడట.

ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. ఎలోదియా వంటింట్లో కుర్చీ లాక్కుని యారెలి ఎదురుగా కూర్చుంది.

"తెలుసు అమ్మమ్మా," అంది యారెలి. "పర్లేదు. నాకు కంప్యూటరే ఇష్టం. బస్సులో కుదుపులు కదా."

ఆ పిల్ల అబద్ధమాడగా నేను వినడం అదే మొదలు. ఎంత బాగా ఆడిందంటే, వినలేక నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.

బడి తెరవాల్సిన రోజు వచ్చింది. తెల్లారకముందే నా తలుపు తట్టారు. చూస్తే యారెలి. తల దువ్వుకుని రెండు జడలు వేసుకుంది, వీపున పుస్తకాల సంచి ఉంది.

"అమ్మమ్మని ఒక్కసారి రూటు తిప్పమన్నాను. నువ్వూ వస్తావా?"

ఎలోదియా పికప్పు ముందు నిలబడి ఉంది, డ్యూటీ టోపీ పెట్టుకుని. ఆవిడ ముఖం చూసి తిట్టుమాట ఏదైనా అందామనుకుని మానేశాను. ముందు సీట్లో ఎక్కాను. యారెలి వెనక వరసలో, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

దొడ్ల దాకా వెళ్ళాం. ప్రతి ఇంటి ముందూ ఎలోదియా ఆగింది. ఏ గుమ్మం ముందూ పిల్లలు లేరు, మిగిలిన ఆ కాసిని మందినీ పెద్ద ఊరి బస్సు అప్పటికే ఎక్కించుకుపోయింది. డార్లా వాళ్ళ ఇంట్లో పిల్లల గది కిటికీకి పరదా వేసి ఉంది. ఎలోదియా దాని వైపు చూస్తూ, "పడుకోనీ," అంది మెల్లగా. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది అనిపించింది నాకు. యారెలి అద్దంలో అమ్మమ్మ కళ్ళని చూస్తూ కబుర్లు చెప్పాలని చూసింది. చెప్పడానికి పన్నూడిన వాళ్ళ సంగతులు దానికి తెలియవు.

పొద్దెక్కేసరికి పట్టాల దగ్గరకి వచ్చాం. అవతల బడి కనిపిస్తోంది, గేటుకి గొలుసు కట్టి ఉంది.

ఎలోదియా బండి ఆపింది. అద్దం దించింది. కుడిచెయ్యి ఎత్తింది.

ఎవర్ని నోరు ముయ్యమంటుంది. బండిలో అప్పటికే చప్పుడు లేదు. ఇన్నేళ్ళూ ఎగతాళి చేసిన నేను ఆ రోజు ఆవిడతో పాటు విన్నాను. ముళ్ళచెట్ల మీద గాలి తప్ప ఏమీ లేదు. బడి గంట కొట్టే వేళయింది, దాటింది. ఆవిడ చెయ్యి అలాగే ఉంది, దించడం లేదు. కన్నీళ్ళు గడ్డం మీంచి గౌను మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

వెనక సీట్లోంచి యారెలి ముందుకి వంగి ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

"ఏదీ రావడం లేదు అమ్మమ్మా," అంది. "పద, ఇంటికెళ్దాం. నా క్లాసు మొదలవుతుంది."

ఎలోదియా చెయ్యి దించింది. పట్టాలు దాటకుండానే బండి వెనక్కి తిప్పింది.